ప్రయారిటీ ఫోన్లకే, తెగేదీ ఫోన్లే: ఒక స్కాన్ సెంటర్ రౌటర్ కేస్ స్టడీ

స్థలం ఖమ్మంలోని ఒక స్కాన్ సెంటర్. కింద రిసెప్షన్, ల్యాబ్. పైన సీటీ, అల్ట్రాసౌండ్ గదులు. సీటీ రిపోర్టు రాసే రేడియాలజిస్టు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి ప్రతి స్కానూ ఇంటర్నెట్ మీద అక్కడికి వెళ్లాల్సిందే. ఫైబర్ లైను, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైను కలిపే పద్ధతి) లాగిన్. డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20. రౌటర్ మైక్రోటిక్ హెక్స్, అంటే ఆర్‌బీ750జీఆర్3 మోడల్, మైక్రోటిక్ సొంత సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7తో. దాని కింద ఒక స్విచ్, 8 ఐపీ ఫోన్లు, 5 బిల్లింగ్ కంప్యూటర్లు, సీటీ ఇమేజీలు పంపే గేట్‌వే కంప్యూటర్ ఒకటి, 8 కెమెరాల డీవీఆర్, ఒక వైఫై యాక్సెస్ పాయింట్.

రిసెప్షన్ వాళ్ల ఫిర్యాదు ఇది: మాట్లాడుతుండగా మన మాట అవతలి వాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళుతుంది, వాళ్ల మాట మనకు శుభ్రంగానే వినిపిస్తుంది, ఓ నిమిషానికి దానంతటదే సర్దుకుంటుంది. రౌటర్‌లో ఫోన్లకు ప్రయారిటీ అప్పటికే పెట్టి ఉంది. లైను ఇచ్చినవాళ్లు ప్లాన్ పెంచుకోమన్నారు.

సగం జవాబు ఈ ఫిర్యాదులోనే ఉంది. తెగేది మన మాటే అంటే ఇబ్బంది అప్‌లోడ్ వైపు. ఇక ఆ నిమిషం సంగతి. సీటీ స్లైసు (స్కాన్‌లో ఒక పొర ఇమేజీ) ఒకటి 512 × 512 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 2 బైట్లు, అంటే 5,24,288 బైట్లు. 300 స్లైసుల స్టడీ (ఒక రోగి స్కాన్ మొత్తం) దాదాపు 157 ఎంబీ, బిట్లలో 1,258 మెగాబిట్లు. 20 ఎంబీపీఎస్ లైను మీద అది వెళ్లడానికి పట్టేది 63 సెకన్లు. గేట్‌వేలోని సెండ్ లాగ్‌ను, కాల్ తెగిన వేళలను పక్కపక్కన పెడితే రెండూ కలిశాయి. ఇలాంటి కేసుల్లో రౌటర్‌లోకి లాగిన్ అయ్యే ముందు ఈ కాగితం లెక్క వేసుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

కొలతలు

వైఫైని లెక్కలోంచి తీసేయడానికి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో స్విచ్‌కు కలిపి, ప్రొవైడర్ వైపు మొదటి హాప్‌కు (లైను అవతల మొదట తగిలే రౌటర్‌కు) పింగ్, అంటే జవాబు రావడానికి పట్టే సమయం కొలిచే కమాండ్, పెట్టి వదిలేయాలి. లైను ఖాళీగా ఉన్నప్పుడు, అప్‌లోడ్ నిండినప్పుడు, డౌన్‌లోడ్ నిండినప్పుడు వేర్వేరుగా చూడాలి. ఇక్కడ ఖాళీ లైనులో 4–6 మిల్లీసెకన్లు, డౌన్‌లోడ్ నిండితే 30 లోపు. సీటీ స్టడీ వెళుతున్నప్పుడు మాత్రం 400 దగ్గర ఊగుతోంది.

20 ఎంబీపీఎస్‌ను 0.4 సెకన్లతో గుణిస్తే 8 మెగాబిట్లు, అంటే 1 ఎంబీ. ఆ మేరకు డేటా ఎక్కడో బఫర్‌లో (పంపేదాకా డేటా ఆగే తాత్కాలిక నిల్వలో) పేరుకుంటోందన్నమాట. రౌటర్ నుంచి ఓఎన్‌టీకి (ఫైబర్ వచ్చి చేరే పెట్టెకు) వెళ్లే కేబుల్ గిగాబిట్ వేగంతో నడుస్తుంది, ఓఎన్‌టీ దాటాక దారి 20కి కుదించుకుపోతుంది. కాబట్టి బఫర్ నిండేది రౌటర్‌లో కాదు, ఓఎన్‌టీలోనో దాని అవతలో.

ఆలస్యం 400 దగ్గరే కదలకుండా ఉంటే మాట తెగదు, ఆలస్యంగా వినిపిస్తుంది అంతే. ఐటీయూ జీ.114 సిఫార్సు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మేలంటుంది కాబట్టి అది కూడా మంచిది కాదు, కానీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడేయడం వంటి ఇబ్బందులతో బండి నడుస్తుంది. మాట ముక్కలయ్యేది ఆలస్యం క్షణక్షణానికీ మారడం వల్ల, నిండిపోయిన బఫర్ తోకవైపు ప్యాకెట్లను పారేయడం వల్ల. బఫర్ దృష్టిలో ఫోన్ ప్యాకెట్టూ సీటీ ప్యాకెట్టూ ఒకటే.

క్యూ కాంప్లెక్స్ లోపల జనం కిక్కిరిసి ఉంటే బయటి గేటు దగ్గర ప్రత్యేక దర్శనం లైను పెట్టి లాభం లేదు. ప్రయారిటీకి అర్థం ఉండేది క్యూ కట్టే చోటే. హెక్స్‌లో క్యూ కట్టనంతకాలం అందులో ఫోన్లకు 1 ఇచ్చినా 8 ఇచ్చినా ఫలితం ఒక్కటే.

ఉన్న సెట్టింగుల్లో ఏం దొరికింది

మూడు లోపాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి సరిచేసినా ఫలితం కనిపించదు. ఇలాంటి కేసులు సాగిపోయేది అందుకే. ఒకటి మార్చి చూస్తారు, తేడా రాదు, దాన్ని వెనక్కి తిప్పేసి ఇంకోటి మారుస్తారు.

మొదటిది ఫాస్ట్‌ట్రాక్. మైక్రోటిక్ డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో ఫైర్‌వాల్ ఫిల్టర్ ఫార్వర్డ్ చైన్‌లో ఈ రూల్ ముందే ఉంటుంది. ఒకసారి కుదిరిన కనెక్షన్ ప్యాకెట్లను అడ్డదారిన పంపి ప్రాసెసర్ భారం తగ్గించడం దాని పని. ఆ అడ్డదారిలో మ్యాంగిల్ రూల్స్ (ప్యాకెట్లకు గుర్తు, అంటే మార్క్ వేసేవి) తగలవు, సింపుల్ క్యూలు తగలవు, పేరెంట్ గ్లోబల్‌గా (ఏదో ఒక ఇంటర్‌ఫేస్‌కు కాక రౌటర్ మొత్తానికి) పెట్టిన క్యూ ట్రీ, అంటే కొమ్మల్లా అమర్చిన క్యూలు, కూడా తగలవు. ఇక్కడి క్యూ ట్రీ పేరెంట్ సరిగ్గా గ్లోబలే. మరి ముందు పనిచేసినవాళ్లకు అనుమానం ఎందుకు రాలేదంటే, ఫాస్ట్‌ట్రాక్ కనెక్షన్‌లోనూ కొన్ని ప్యాకెట్లు మామూలు దారినే వస్తుంటాయి. క్యూ కౌంటర్లు మెల్లగా కదులుతుంటాయి. కదులుతున్నాయి కాబట్టి పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ గ్రాఫ్ 19 ఎంబీపీఎస్ చూపుతున్నప్పుడు క్యూలన్నీ కలిపి ఎంత చూపుతున్నాయో చూడాలి. ఇక్కడ క్యూల మొత్తం 1 ఎంబీపీఎస్ కూడా లేదు. ఫిల్టర్, మ్యాంగిల్ జాబితాల పైభాగాన ఫాస్ట్‌ట్రాక్ కౌంటర్ల కోసం దానంతటదే పుట్టే డమ్మీ రూల్ కనిపించినా అదే సంకేతం.

రెండోది గుర్తింపు. ఫోన్ ట్రాఫిక్‌ను యూడీపీ 5060 పోర్టుతో మార్క్ చేశారు. ఆ పోర్టు మీద నడిచేది సిప్ సిగ్నలింగ్ మాత్రమే, అంటే ఫోన్ మోగించడం, ఎత్తడం, పెట్టేయడం. మాట వెళ్లేది ఆర్‌టీపీలో, వేరే పోర్టుల మీద. ఇక్కడి సిప్ ప్రొవైడర్ 10000 నుంచి 20000 దాకా వాడుతున్నారు. దీన్ని పట్టుకోవడం సులువు. మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్ 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ పంపుతుంది, సెకనుకు 50. ఒక కాల్ ఒక నిమిషం నడిస్తే ఒక్కో దిక్కుకు 3,000 ప్యాకెట్లు రావాలి. మ్యాంగిల్ కౌంటర్లను సున్నా చేసి, నిమిషం కాల్ చేసి, అంకె చూస్తే చాలు. పదుల్లో ఉంటే మార్క్ అవుతున్నది మాట కాదు.

మూడోది మ్యాక్స్ లిమిట్, అంటే క్యూ దాటనివ్వని గరిష్ఠ వేగం. అప్‌లోడ్ పేరెంట్ క్యూలో 100 ఎంబీపీఎస్ రాశారు, ప్లాన్ పేరు చూసి రాసినట్టుంది. లైను 20 దగ్గరే ఆగిపోతుంటే రౌటర్‌కు 100 దాకా క్యూ కట్టే అవసరమే రాదు. మొదటి రెండూ సరిచేసినా ఇది ఒక్కటి మిగిలితే కాల్స్ తెగుతూనే ఉండేవి.

సవరణ: ముందు క్యూను ఇంట్లోకి తేవడం

పని మొదలెట్టే ముందు కాన్ఫిగరేషన్‌ను ఎక్స్‌పోర్ట్ ఫైలుగా ఒకసారి, బైనరీ బ్యాకప్‌గా ఒకసారి తీసి కంప్యూటర్‌లో దాచాలి. దూరం నుంచి పనిచేస్తుంటే విన్‌బాక్స్‌లో (మైక్రోటిక్ సెట్టింగుల యాప్‌లో) సేఫ్ మోడ్ నొక్కాలి. మధ్యలో కనెక్షన్ తెగితే అప్పటిదాకా చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి.

ఫాస్ట్‌ట్రాక్ రూల్‌ను తీసేయక్కర్లేదు, డిసేబుల్ చేస్తే చాలు. అయితే అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు అడ్డదారిలోనే కొనసాగుతాయి. కనెక్షన్స్ ట్యాబ్‌లో ఉన్నవాటిని ఖాళీ చేయాలి, లేదా రౌటర్ రీబూట్ చేయాలి. సిప్ రిజిస్ట్రేషన్ కనెక్షన్లు కీప్‌అలైవ్ వల్ల రోజుల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఫోన్ల విషయంలో ఈ మెట్టు తప్పించుకోలేం.

తర్వాత పాత క్యూ ట్రీ మొత్తాన్ని డిసేబుల్ చేసి, పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్ పేరెంట్‌గా ఒకే ఒక్క క్యూ పెట్టాం: ప్యాకెట్ మార్క్ స్థానంలో నో-మార్క్ (ఏ గుర్తూ లేనివి), మ్యాక్స్ లిమిట్ 18 ఎంబీపీఎస్, క్యూ టైప్ ఎఫ్‌క్యూ-కోడెల్. లైను కొలత 20 అయితే 18 ఎందుకంటే, ఆ తేడా వల్లే ఓఎన్‌టీ బఫర్ ఖాళీగా ఉంటుంది. పీపీపీఓఈ ప్యాకెట్‌కు 8 బైట్లు, ఈథర్‌నెట్ హెడర్లు ఇంకొన్ని బైట్లు కలుపుతాయి. రౌటర్ లెక్కలో 18 అనిపించేది తీగ మీద కాస్త ఎక్కువే ఉంటుంది. చిన్న ప్యాకెట్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా పెరుగుతుంది.

అలాగే ఉంచి సీటీ స్టడీ పంపిస్తే పింగ్ 400 నుంచి 10–15కి దిగింది, కాల్స్ తెగడం ఆగింది. గమనించాల్సింది ఏమిటంటే ఈ దశలో ఫోన్లకు ప్రయారిటీ ఇవ్వనేలేదు. ఎఫ్‌క్యూ-కోడెల్ ఒక్కో కనెక్షన్‌కు విడి క్యూ కడుతుంది, తక్కువ ప్యాకెట్లు పంపే కనెక్షన్‌ను ముందుకు వదులుతుంది, క్యూలో ఆలస్యం 5 మిల్లీసెకన్ల లక్ష్యాన్ని దాటి 100 మిల్లీసెకన్ల పాటు దిగకపోతే ప్యాకెట్లు వదిలేసి పంపేవాళ్ల వేగం తగ్గిస్తుంది. సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు పంపే ఫోన్ దాని చూపులో సహజంగానే మొదటి వరుసలో ఉంటుంది. రెండు మూడు ఫోన్లున్న ఆఫీసు అయితే ఇక్కడితో ఆపేయాలి. క్లాసులు, మార్కులు, ప్రయారిటీలు పెట్టేకొద్దీ రేపు వేరేవాళ్లు వచ్చి చెడగొట్టే చోట్లు పెరుగుతాయి.

క్లాసులు ఎందుకు, ఎన్ని

ఈ సెంటర్‌లో ఆపడానికి లేదు, ఎందుకంటే అప్‌లోడ్ కోసం పోటీ ఫోన్లకూ సీటీకీ మధ్య మాత్రమే కాదు. యజమాని మొబైల్‌లో నాలుగు కెమెరాలు మెయిన్ స్ట్రీమ్‌లో చూస్తే, కెమెరాకు 2 ఎంబీపీఎస్ చొప్పున 8 ఎంబీపీఎస్ పోతుంది. పక్షవాతం కేసు సీటీ వెళుతున్నప్పుడు కెమెరా దానితో సమానంగా వాటా తీసుకోకూడదు. పైగా సీటీ పంపడమే ఈ సెంటర్ పని. దాన్ని తొక్కి ఫోన్లను కాపాడితే అది బాగుచేసినట్టు కాదు.

గుర్తింపును పోర్టుల మీద కాక పరికరాల మీద పెట్టాం. ఫోన్లకు డీహెచ్‌సీపీలో 192.168.88.101 నుంచి 108 దాకా స్థిర అడ్రసులు, వాటికో అడ్రస్ లిస్ట్. గేట్‌వేకు 192.168.88.20. ఇది డైకామ్ (వైద్య ఇమేజీలు పంపే ప్రమాణం) పోర్టుల మీద కాకుండా హెచ్‌టీటీపీఎస్ మీద పంపుతుంది కాబట్టి పోర్టు చూస్తే బ్రౌజర్ ట్రాఫిక్‌లో కలిసిపోయేది. మ్యాంగిల్ ఫార్వర్డ్ చైన్‌లో ఒక్కో క్లాసుకు రెండు రూల్స్. మొదటిది ఆ అడ్రస్ నుంచి వచ్చే, ఇంకా మార్క్ లేని కనెక్షన్‌కు కనెక్షన్ మార్క్ వేస్తుంది, పాస్‌త్రూ (ప్యాకెట్‌ను తర్వాతి రూల్‌కు వదలడం) ఆన్. రెండోది ఆ కనెక్షన్ మార్క్ చూసి ప్యాకెట్ మార్క్ వేస్తుంది, పాస్‌త్రూ ఆఫ్. మొదటి దానిలో పాస్‌త్రూ ఆఫ్ అయితే ఆ ప్యాకెట్ రెండో రూల్ దాకా రాదు. రెండో దానిలో ఆన్‌లో ఉంటే కింది రూల్ ఏదైనా మార్క్‌ను మార్చేయవచ్చు. కనెక్షన్ మార్క్ వాడటంతో తిరుగు ప్యాకెట్లకూ గుర్తు దానంతటదే దొరుకుతుంది. ప్రొవైడర్ దారిలో డీఎస్‌సీపీని (ప్యాకెట్ హెడర్‌లో ఉండే ప్రయారిటీ గుర్తును) సున్నా చేసి పంపినా మనకు ఇబ్బంది లేదు.

అప్‌లోడ్ పేరెంట్ 18 ఎంబీపీఎస్. దాని కింద (వేగాలు ఎంబీపీఎస్‌లో, లిమిట్ అట్ అంటే హామీ ఇచ్చే కనీస వేగం):

- ఫోన్లు: ప్రయారిటీ 1, లిమిట్ అట్ 1, మ్యాక్స్ లిమిట్ 3, టైప్ పీఫిఫో (వచ్చిన వరుసలోనే పంపేది)
- బిల్లింగ్: ప్రయారిటీ 3, లిమిట్ అట్ 4, మ్యాక్స్ లిమిట్ 18, టైప్ ఎఫ్‌క్యూ-కోడెల్
- సీటీ గేట్‌వే: ప్రయారిటీ 5, లిమిట్ అట్ 5, మ్యాక్స్ లిమిట్ 18, టైప్ ఎఫ్‌క్యూ-కోడెల్
- నో-మార్క్: ప్రయారిటీ 8, లిమిట్ అట్ 2, మ్యాక్స్ లిమిట్ 18, టైప్ ఎఫ్‌క్యూ-కోడెల్

ఫోన్ల అంకె ఇలా వచ్చింది: జీ.711 మాటకు 64 కేబీపీఎస్, ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు కలిపితే 80, ఈథర్‌నెట్‌తో 87. ఎనిమిది ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 0.7 ఎంబీపీఎస్. అందుకే 1 సరిపోతుంది. 3 పైకప్పు ఎందుకంటే ఫోన్ అడ్రసులో ఎవరైనా ల్యాప్‌టాప్ పెట్టినా లైనంతా మింగకూడదు.

రౌటర్‌ఓఎస్‌లో 1 అన్నిటికంటే పైది, 8 కిందది. ముందుగా అందరి లిమిట్ అట్‌లు తీరుతాయి. ఆ తర్వాత మిగిలింది ప్రయారిటీ ప్రకారం మ్యాక్స్ లిమిట్ దాకా పంచుతారు. లిమిట్ అట్‌ల మొత్తం పేరెంట్ మ్యాక్స్ లిమిట్ దాటితే ఈ హామీలు అబద్ధాలవుతాయి. ఇక్కడ మొత్తం 12, సరిపోయింది. ప్రయారిటీ కింది కొస క్యూలకే పనిచేస్తుంది, పేరెంట్‌కు పెట్టినా దానికి అర్థం లేదు. ఇక నో-మార్క్ క్యూ మరిచిపోతే ఏ గుర్తూ లేని ట్రాఫిక్ ఏ పరిమితీ తగలకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది, మళ్లీ ఓఎన్‌టీ నిండుతుంది. ఐపీవీ6 ఉన్న లైన్లలో ఇది మరీ ముఖ్యం. ఐపీవీ6కు మ్యాంగిల్ జాబితా వేరే. అక్కడ రూల్స్ రాయకపోతే ఆ అప్‌లోడ్ అంతా గుర్తు లేనిదే.

డౌన్‌లోడ్ వైపు అవే మార్కులతో ఇంకో ట్రీ, పేరెంట్ ల్యాన్ బ్రిడ్జ్, మ్యాక్స్ లిమిట్ 90. ఒకే సబ్‌నెట్‌లోని కంప్యూటర్ల మధ్య ట్రాఫిక్ రౌటింగ్ దాకా రాదు కాబట్టి దానికి ఈ 90 తగలదు. అదే ఇమేజ్ సర్వర్ ఒక వీల్యాన్‌లో (విడదీసిన లోపలి నెట్‌వర్క్‌లో), డాక్టర్ కంప్యూటర్ ఇంకో వీల్యాన్‌లో ఉండి ఉంటే లోపలి కాపీ కూడా ఈ 90లో ఇరుక్కునేది. అప్పుడు పీపీపీఓఈ నుంచి లోపలికి వచ్చినవాటికే మార్క్ వేసి, నో-మార్క్ క్యూ లేకుండా కట్టాలి.

పరీక్షలో ఒక ఉచ్చు

క్లాసులు పెట్టాక మామూలు పింగ్ ఫోన్ల పరిస్థితి చెప్పదు, అది నో-మార్క్ క్యూలో వెళుతుంది. దాన్ని చూసి ఫోన్లు బాగున్నాయనీ చెప్పలేం, బాగోలేవనీ చెప్పలేం. ల్యాప్‌టాప్‌కు తాత్కాలికంగా ఫోన్ లిస్ట్‌లోని అడ్రస్ ఇచ్చి పింగ్ చేయాలి. డీఎస్‌సీపీ చూసి మార్క్ చేసే రౌటర్ అయితే లినక్స్ పింగ్‌లో టాస్ (డీఎస్‌సీపీ ఉండే బైటు) విలువ 184 ఇవ్వాలి. వాయిస్‌కు వాడే డీఎస్‌సీపీ 46ను 4తో గుణిస్తే వచ్చేది అదే. 46 అని నేరుగా ఇచ్చి, పనిచేయడం లేదని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఆ తర్వాత చూడాల్సింది ఫోన్ల క్యూలోని డ్రాప్డ్ కౌంటర్. సీటీ వెళుతుండగా, కాల్ నడుస్తుండగా అది సున్నా దగ్గరే ఉండాలి. సీటీ క్యూలో డ్రాప్‌లు కనిపించడం తప్పు కాదు. టీసీపీకి వేగం తగ్గించమని చెప్పే పద్ధతే అది.

ఫాస్ట్‌ట్రాక్ ఆపినందుకు ప్రాసెసర్ భారం పెరుగుతుంది. హెక్స్‌కు 100 ఎంబీపీఎస్ భారం కాదు. చూసేటప్పుడు సగటును నమ్మవద్దు. ఈ చిప్ రౌటర్‌ఓఎస్‌లో నాలుగు సీపీయూలుగా కనిపిస్తుంది. ఒకటి పూర్తిగా నిండిపోయినా సగటు 25 శాతమే చూపుతుంది. విడివిడిగా చూడాలి. లైను కొన్ని వందల ఎంబీపీఎస్‌కు పెరిగితే ఇదే రౌటర్‌తో ఈ పద్ధతి నిలవకపోవచ్చు.

సాయంత్రం మళ్లీ

పగలంతా బాగుండి రాత్రి 7 దాటాక కాల్స్ మళ్లీ కాస్త తెగాయి. రౌటర్‌లో ఏదీ మారలేదు, మారింది లైను. ఆ వేళ క్యూలు ఆపి కొలిస్తే అప్‌లోడ్ 17 దాటడం లేదు. 18 దగ్గర కట్టిన గట్టు 17 లైనుకు గట్టే కాదు. క్యూ మళ్లీ ఓఎన్‌టీలోకి జారిపోయింది. పేరెంట్‌ను 15కి దించాం. లిమిట్ అట్‌ల మొత్తం 12 కాబట్టి అవి కదపనక్కర్లేదు. మూడు క్యూల మ్యాక్స్ లిమిట్‌ను మాత్రం 15 చేయాలి. దీని ధర 300 స్లైసుల స్టడీకి 63 సెకన్ల బదులు దాదాపు 84. డాక్టర్ చూసి రిపోర్టు రాయడానికి పట్టే సమయం ముందు ఆ 20 సెకన్లు లెక్కలోకి రావని సెంటర్ వాళ్లే ఒప్పుకున్నారు. గేట్‌వేలో లాస్‌లెస్ కంప్రెషన్ ఆన్ చేయడంతో ఆ నష్టం కూడా పూడింది. నిజానికి క్యూల జోలికి వెళ్లే ముందే చూడాల్సిన సెట్టింగ్ అది.

కొలత ఎప్పుడూ రద్దీ వేళలోనే తీసుకోవాలి, కనిష్ఠం మీద 10 శాతం తగ్గించి రాయాలి. లైను గంటగంటకూ ఊగే చోట స్థిరమైన అంకె పనికిరాదు. అలాంటిచోట ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో కేక్ అనే క్యూ టైప్‌తో పాటు ఆలస్యాన్ని కొలుస్తూ పరిమితిని మార్చే ఆటోరేట్ స్క్రిప్టు మేలు. అక్కడ కూడా ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ఎస్‌క్యూఎం (అక్కడి క్యూ ఏర్పాటు) పనిచేయదు. పేరు వేరు, జబ్బు ఫాస్ట్‌ట్రాక్‌దే. ఇళ్లలో వాడే రౌటర్లలో హార్డ్‌వేర్ నాట్ అనే ఆప్షన్ అదే పని చేస్తుంది.

ప్లాన్ పెంచమన్న సలహా సంగతి. అప్‌లోడ్ 100 అయితే స్టడీ 13 సెకన్లలో వెళ్లిపోతుంది, అదే 1 ఎంబీ బఫర్ 80 మిల్లీసెకన్లకు మించి ఆలస్యం చేయలేదు. ఫిర్యాదులు చాలావరకు తగ్గేవి, కాబట్టి అది తప్పు సలహా అనలేం. కానీ మూడు లోపాలూ అలాగే ఉండేవి, రెండో సీటీ మెషీన్ వచ్చిన రోజు మళ్లీ బయటపడేవి.

రిసెప్షన్‌లోని ఒక విండోస్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌ఫోన్ ఉంది, అదీ వైఫై మీద. దాన్ని ఈ పనిలో కలపలేదు. సాఫ్ట్‌ఫోన్ యాప్ అడిగినంత మాత్రాన విండోస్ డీఎస్‌సీపీ గుర్తు వేయదు, గ్రూప్ పాలసీలో క్యూఓఎస్ పాలసీ రాయాలి. వేసినా చాలా యాక్సెస్ పాయింట్లు డీఎస్‌సీపీలో పై మూడు బిట్లనే చూస్తాయి. 46 అలా చూస్తే 5 అవుతుంది, వైఫైలో 5 అంటే వీడియో తరగతి, వాయిస్ కాదు. ఆ టేబుల్ దగ్గరికి ఒక కేబుల్ లాగి ఐపీ ఫోన్ పెట్టించడం అన్నిటికంటే చవక.

రౌటర్‌లో ప్రతి రూల్‌కూ కామెంట్ రాసి ఉంచాం. ఫాస్ట్‌ట్రాక్ రూల్ మీద కామెంట్: "ఆన్ చేస్తే ఫోన్ క్యూలు పనిచేయవు." పేరెంట్ క్యూ మీద: "రాత్రి 8కి కొలిచింది 17, రాసింది 15. ప్లాన్ గానీ ఓఎన్‌టీ గానీ మారితే మళ్లీ కొలవాలి."